వైరస్ మన సరుకుతోనే తయారైతే, కణం దాన్ని ఎలా పసిగడుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వైరస్ మన కణంలోకి దూరి, అక్కడున్న ముడిపదార్థాలతోనే తన ఆర్ఎన్ఏను, ప్రోటీన్లను చేయించుకుంటుంది. సరైన యాంటీబాడీలు తయారవడానికి వారం దాకా పడుతుంది. అప్పటివరకూ వైరస్ వచ్చిందని శరీరానికి ఎలా తెలుస్తుంది? తెలిసినా ఇన్ని వైరస్‌లు ఎలా తప్పించుకుంటున్నాయి? వైరస్ సోకిన కణం పక్క కణాలను హెచ్చరించడానికి వదిలే ఇంటర్ఫెరాన్ అనే ప్రోటీన్ అంత మంచి ఆయుధమైతే, జబ్బు రాగానే దాన్నే ఇంజెక్షన్‌గా ఇచ్చేయొచ్చు కదా? మూడో ప్రశ్నను చివరికి ఉంచుతాను. మొదటి రెండూ తెలిస్తేనే దాని జవాబు అర్థమవుతుంది.

సూటిగా చెప్తాను. కణానికి వైరస్ అంటే ఏమిటో తెలియదు. ఆర్ఎన్ఏ, డీఎన్ఏ ఉండకూడని చోట ఉన్నాయా, ఉండాల్సిన రసాయన గుర్తులు లేకుండా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. పగలు వీధిలో కనిపించే మనిషే అర్ధరాత్రి మన వంటింట్లో కనిపిస్తే ఉలిక్కిపడతాం. కణానికి డీఎన్ఏ విషయంలోనూ అంతే: కేంద్రకంలో ఉంటే మామూలు, బయట కణద్రవ్యంలో కనిపిస్తే ప్రమాదం. వైరస్‌ల ఎత్తుగడలు కూడా చాలావరకు ఇక్కడి నుంచే పుట్టాయి.

ఇలా ఎందుకు ఏర్పడిందో ముందు చూద్దాం. యాంటీబాడీలు చేసే కణాలు తమ జన్యువులను కలిపి, తిప్పి, కోట్ల రకాల ఆకారాలు తయారు చేసుకోగలవు. పుట్టుకతో వచ్చే సహజ నిరోధక వ్యవస్థకు ఆ వెసులుబాటు లేదు. తరతరాలుగా జన్యువుల్లో వస్తున్న కొద్దిపాటి గ్రాహకాలతోనే (ఒక పదార్థాన్ని పట్టుకుని కబురు చేరవేసే ప్రోటీన్లు) అది సరిపెట్టుకోవాలి. వైరస్ మాత్రం రోజుల్లో రూపం మార్చుకుంటుంది. కాబట్టి వైరస్ సులువుగా మార్చుకోలేని లక్షణాన్నే ఈ గ్రాహకాలు పట్టుకోవాలి. ఇలాంటి గ్రాహకాలు ఉండి తీరాలని 1989లో చార్లెస్ జేన్‌వే వాదించాడు. అప్పటికి వాటిలో ఒక్కదాని పనీ తేలలేదు. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగల్లో, 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎలుకల్లో ఆధారం చూపించారు. ఆ ఇద్దరికీ 2011 నోబెల్ వచ్చింది.

అయితే వాళ్లు చూపించింది శిలీంధ్రాలకు, బ్యాక్టీరియాకు సంబంధించినది. బ్యాక్టీరియా గోడలో మన శరీరంలో ఎక్కడా లేని పదార్థాలు ఉంటాయి. వాటిని పట్టుకోవడం తేలిక. వైరస్‌కు సొంతమంటూ అలాంటి పదార్థం దాదాపు ఏమీ లేదు. దాని ఆర్ఎన్ఏ అవే నాలుగు అక్షరాలు, దాని ప్రోటీన్లు అవే ఇరవై అమైనో ఆమ్లాలు. అసలు చిక్కు ఇక్కడే. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది కూడా మీరు ఈ చిక్కును పట్టుకోవడమే.

మొదటి కాపలా చోటును బట్టి. చాలా వైరస్‌లను కణం ఒక చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. దాన్ని ఎండోసోమ్ అంటారు. ఆ సంచి పొరలో టీఎల్ఆర్3, టీఎల్ఆర్7, టీఎల్ఆర్8, టీఎల్ఆర్9 అనే గ్రాహకాలు ఉంటాయి. మొదటిది జంట పోగుల ఆర్ఎన్ఏను, మధ్యవి రెండూ ఒంటి పోగు ఆర్ఎన్ఏను, చివరిది డీఎన్ఏను పట్టుకుంటాయి. మన సొంత ఆర్ఎన్ఏ, డీఎన్ఏలు మామూలుగా ఆ సంచిలోకి రావు. చచ్చిన కణాల నుంచి రాలినవి కూడా బయటున్న ఎంజైమ్‌ల వల్ల చాలావరకు దారిలోనే ముక్కలైపోతాయి. వైరస్ జన్యుపదార్థం మాత్రం ప్రోటీన్ తొడుగులో భద్రంగా సంచిదాకా వచ్చి, అక్కడ తొడుగు విప్పుకుంటుంది. గ్రెగ్ బార్టన్, రుస్లాన్ మెడ్జిటోవ్ 2006లో ఒక చక్కని ప్రయోగం చేశారు. టీఎల్ఆర్9 లోపలి సంచిలో కాకుండా కణం బయటి పొర మీద ఉండేలా మార్చారు. అప్పుడది సొంత డీఎన్ఏకు స్పందించడం మొదలుపెట్టింది, వైరస్ డీఎన్ఏను పట్టుకోలేకపోయింది. గ్రాహకం అదే, చోటు మారితే తీర్పు తలకిందులైంది.

రక్తంలో ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణాలు అని ఉంటాయి. తెల్లకణాల్లో ఒక శాతం కూడా ఉండవు. టీఎల్ఆర్7, టీఎల్ఆర్9 వీటిలో దండిగా ఉంటాయి. వైరస్ తగిలితే ఇవి చేసినంత ఇంటర్ఫెరాన్ మరే కణమూ చేయలేదు.

సంచి దాటి కణద్రవ్యంలోకి వచ్చేస్తే రెండో కాపలా ఉంది. ఇక్కడ చోటు ఒక్కటే చాలదు, ఎందుకంటే కణద్రవ్యం నిండా మన సొంత ఆర్ఎన్ఏలే. అందుకే ఇక్కడి గ్రాహకాలు ఆర్ఎన్ఏ కొసలు చూస్తాయి. కేంద్రకంలో తయారైన మన మెసెంజర్ ఆర్ఎన్ఏ ముందు కొసకు ఒక రసాయన టోపీ తొడిగాకే బయటికి వస్తుంది. ఆ టోపీ మీద, దాని పక్కనున్న మొదటి అక్షరం మీద మిథైల్ గుర్తులు ఉంటాయి. చాలా వైరస్‌లు కణద్రవ్యంలోనే ఆర్ఎన్ఏను నకలు తీసుకుంటాయి. ఆ కొత్త నకలు మొదట్లో మూడు ఫాస్ఫేట్లతో బోడిగా ఉంటుంది. జంట పోగుల కొసన ఆ మూడు ఫాస్ఫేట్లు కనిపిస్తే పట్టుకునే ప్రోటీన్ రిగ్-ఐ. జపాన్‌లో తకాషి ఫుజితా బృందం 2004లో దీని పని కనిపెట్టింది. అది చూసేది మూడు ఫాస్ఫేట్లనే అని 2006లో తేలింది. దీని జతగాడు ఎండీఏ5 కొసలను పట్టించుకోదు, పొడవైన జంట పోగుల ఆర్ఎన్ఏను చూస్తుంది. ఆర్ఎన్ఏ వైరస్ తనను తాను నకలు తీసుకునేటప్పుడు జంట పోగులు ఏర్పడక తప్పదు. అందుకే ఇది అంత నమ్మకమైన ఆనవాలు.

ఈ రెండూ ఒకే చోటికి కబురు పంపుతాయి: మైటోకాండ్రియా పైపొరలో కూర్చున్న మావ్స్ అనే ప్రోటీన్‌కి. 2005లో నాలుగు బృందాలు దాదాపు ఒకేసారి దీన్ని కనిపెట్టాయి. కబురు అందగానే ఒక మావ్స్ పక్కదాన్ని తనలా మార్చుకుంటూ పోతుంది, చూస్తుండగానే పొడవైన పోగులు ఏర్పడతాయి. అందుకే అతి కొద్ది వైరల్ ఆర్ఎన్ఏకే కణమంతా స్పందిస్తుంది. మావ్స్‌ను గుర్తుంచుకోండి, వైరస్‌ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కావాలి.

డీఎన్ఏ సంగతి మరింత తేట. కణద్రవ్యంలో డీఎన్ఏ తగిలితే సీగ్యాస్ అనే ఎంజైమ్ సీజీఏఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. అది వెళ్లి స్టింగ్ అనే ప్రోటీన్‌ను లేపుతుంది. స్టింగ్‌ను 2008లో గ్లెన్ బార్బర్ బృందం, సీగ్యాస్‌ను 2013 తొలిరోజుల్లో జిజియన్ చెన్ బృందం వెల్లడించాయి. సీగ్యాస్ ఆ డీఎన్ఏలో ఏ అక్షరాలున్నాయో చూడదు, వైరస్‌దైనా మనదైనా దానికి ఒకటే. మరి కణం విడిపోయేటప్పుడు కేంద్రకం పొర కరిగిపోతుంది కదా, అప్పుడు సొంత డీఎన్ఏ మీదే పడదా? మన డీఎన్ఏ హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టకు సీగ్యాస్ గట్టిగా అతుక్కుంటుంది గానీ, అలా అతుక్కున్నప్పుడు పనిచేయలేదు. సీగ్యాస్‌కు దగ్గరి బంధువులైన ఎంజైమ్‌లు బ్యాక్టీరియాలో కూడా ఉన్నాయి, అక్కడ అవి బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ వైరస్‌లను ఎదుర్కొంటున్నాయి. ఈ ఉపాయం మనుషులకంటే, జంతువులకంటే ఎంతో పాతదన్నమాట.

ఈ దారులన్నీ చేరేది ఇంటర్ఫెరాన్ దగ్గరికే. 1957లో లండన్ మిల్ హిల్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ దీన్ని కనిపెట్టారు. వేడితో చంపిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను కోడిగుడ్డు పొరల మీద ఉంచితే, ఆ పొరలు ద్రవంలోకి ఏదో వదిలాయి. ఆ ద్రవం తగిలిన కొత్త పొరల మీద వైరస్ పెరగలేదు. ఇంటర్ఫెరాన్ వైరస్‌ను నేరుగా చంపదు. పక్క కణాల మీదున్న గ్రాహకానికి అతుక్కుని, స్టాట్1, స్టాట్2 అనే ప్రోటీన్ల ద్వారా కేంద్రకానికి కబురు చేర్చి, వందలాది జన్యువులను మేల్కొలుపుతుంది. వాటిలో పీకేఆర్ జంట పోగుల ఆర్ఎన్ఏను చూడగానే ప్రోటీన్ తయారీనే ఆపేస్తుంది. ఆర్‌ఎన్‌ఏస్-ఎల్ ఆర్ఎన్ఏను తుంచేస్తుంది. ఇఫిట్1 మిథైల్ గుర్తు లేని టోపీలను పట్టి ఆపుతుంది. జ్వరం, ఒళ్లు నొప్పులు, నీరసం చాలావరకు ఈ స్పందన వల్లే. వైరస్ లేని మనిషికి ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్ ఇచ్చినా ఫ్లూ వచ్చినట్టే ఉంటుంది.

ఇక తప్పించుకోవడం. నా ఉద్దేశంలో ఇక్కడ చాలామంది పొరబడేది ఒక చోట: వైరస్ ఎవరికీ కనబడకుండా పోతుందనుకుంటారు. ఏ వైరస్‌కూ అంత అవసరం లేదు. ఇన్‌ఫ్లుయెంజా కణంలో దూరాక పది గంటల్లోపే కొత్త వైరస్‌లు బయటికి రావడం మొదలవుతుంది. పక్క కణాలకు ఇంటర్ఫెరాన్ అందేలోపు అవి వాటిలోకి చేరితే చాలు. ఆ కాస్త వ్యవధి కోసమే ఇన్ని ఎత్తులు.

ఆ ఎత్తుల్లో మొదటిది మన గుర్తులను తగిలించుకోవడం. కరోనా వైరస్‌లు సొంత ఎంజైమ్‌లతో తమ ఆర్ఎన్ఏకు టోపీ తొడుక్కుంటాయి. ఎన్ఎస్‌పీ16 అనే ఎంజైమ్ ఆ పక్క అక్షరం మీద మిథైల్ గుర్తు కూడా వేస్తుంది, దాంతో ఇఫిట్1 మోసపోతుంది. అది చాలదన్నట్టు, ఆర్ఎన్ఏ నకలు తీసే పనంతా రెండు పొరల బుడగల్లో పెట్టుకుంటాయి, జంట పోగులు బయటికి కనిపించవు. ఇన్‌ఫ్లుయెంజా టోపీ తయారీకి కష్టపడదు. కేంద్రకంలోకి వెళ్లి మన మెసెంజర్ ఆర్ఎన్ఏల టోపీలను కోసి తనవాటికి తగిలించుకుంటుంది. హెచ్ఐవీ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకోవాలి, అది కణద్రవ్యంలో జరిగితే సీగ్యాస్ పట్టుకుంటుంది. అందుకే తొడుగు విప్పకుండా దాదాపు చెక్కుచెదరకుండా కేంద్రకంలోకి చేరి, పని అక్కడ పూర్తి చేసుకుంటుంది. పైగా బయట మిగిలిన డీఎన్ఏ తునకలను మన సొంత ట్రెక్స్1 ఎంజైమే శుభ్రం చేసిపెడుతుంది.

కబురు దారిని తెంచడం ఇంకో పద్ధతి. హెపటైటిస్ సీ వైరస్‌కు ఎన్ఎస్3/4ఏ అనే ప్రోటీజ్ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్) ఉంది. దాని అసలు పని వైరస్ సొంత ప్రోటీన్ గొలుసును ముక్కలుగా కోయడం. అదే మావ్స్‌ను కూడా సరిగ్గా మైటోకాండ్రియాకు అతికే చోట కోసేస్తుంది. రిగ్-ఐ వైరస్‌ను గుర్తుపట్టినా కబురు ముందుకు పోదు. సుమారు 9,600 అక్షరాల చిన్న జన్యుపటంలో ఒకే ప్రోటీన్ చేత రెండు పనులు చేయించుకోవడం ఈ వైరస్ పొదుపు. 2011లో ఆమోదం పొందిన టెలాప్రెవిర్, బోసెప్రెవిర్ మందులు ఆపింది ఈ ప్రోటీజ్‌నే. డెంగ్యూ ఆర్ఎన్ఏ వైరస్, అయినా దాని ప్రోటీజ్ స్టింగ్‌ను కోస్తుంది. డీఎన్ఏ కాపలాతో దానికేం పని అనిపిస్తుంది. కారణం ఉంది: సోకిన కణంలో మైటోకాండ్రియా దెబ్బతిని, వాటి డీఎన్ఏ బయటికి కారుతుంది, సీగ్యాస్ దాన్నీ పట్టుకుంటుంది. అన్నట్టు, డెంగ్యూ మనిషి స్టింగ్‌ను కోస్తుంది గానీ ఎలుక స్టింగ్‌ను కోయలేదు. జికా వైరస్ మన స్టాట్2ను నాశనం చేయించగలదు, ఎలుకది చేయించలేదు. మామూలు ప్రయోగశాల ఎలుకల్లో జికా నిలవకపోవడానికి ఇదో ముఖ్య కారణం. అందుకే ఇంటర్ఫెరాన్ గ్రాహకం తీసేసిన ఎలుకలను వాడుతుంటారు. ఒక వైరస్ ఏ జాతికి ప్రమాదకరమో చాలాసార్లు తేలేది ఇలాంటి చోటే.

ఎబోలాది రెండు వైపులా దెబ్బ. వీపీ35 జంట పోగుల ఆర్ఎన్ఏను కప్పి రిగ్-ఐకి అందనివ్వదు. వీపీ24 స్టాట్1ను కేంద్రకంలోకి చేరనివ్వదు. ఇన్‌ఫ్లుయెంజాలో ఇలాంటి పనులు ఎక్కువగా ఎన్ఎస్1 చేస్తుంది. అడాల్ఫో గార్సియా-సాస్ట్రే, సహచరులు 1998లో ఆ జన్యువు తీసేసిన వైరస్‌ను తయారుచేశారు. అది ఇంటర్ఫెరాన్ పనిచేయని కణాల్లో చక్కగా పెరిగింది, పనిచేసే చోట చతికిలబడింది. టీకాల తయారీలో మీరు వినే వీరో కణాలు కూడా ఇలాంటివే. ఆ కోతి కణాల్లో ఇంటర్ఫెరాన్ జన్యువులు కొన్ని ఎగిరిపోయాయి, కాబట్టే ఎన్నో వైరస్‌లు వాటిలో హాయిగా పెరుగుతాయి.

మశూచి కుటుంబానికి చెందిన పాక్స్ వైరస్‌లకు చోటు కొదవ లేదు, దాదాపు రెండు వందల జన్యువులుంటాయి. వాక్సినియా వైరస్ బీ18 అనే ప్రోటీన్‌ను బయటికి వదిలి, ఇంటర్ఫెరాన్‌ను దారిలోనే పట్టేసుకుంటుంది. పాక్సిన్ అనే ఎంజైమ్‌తో సీజీఏఎంపీని తుంచుతుంది, అది 2019లో తెలిసింది. ఈ వైరస్ మీద జరిగిన ఇంకో ప్రయోగం నాకు ఎంత చదివినా తనివి తీరదు. పీకేఆర్‌ను ఆపే ప్రోటీన్లు దానికి రెండున్నాయి, ఈ3, కే3. మనిషి పీకేఆర్ మీద కే3 బలహీనం. నెల్స్ ఎల్డీ, హర్మీత్ మాలిక్, సహచరులు 2012లో ఈ3 తీసేసిన వైరస్‌ను మనిషి కణాల్లో తరం తర్వాత తరం పెంచారు. మొదట వైరస్ కొత్తగా ఏమీ కనిపెట్టలేదు, ఉన్న కే3 జన్యువునే పదేపదే నకళ్లు పెట్టుకుని జన్యుపటాన్ని సాగదీసుకుంది. బలహీనమైన ఆయుధాన్నే గుట్టలుగా పోగేసిందన్నమాట. నకళ్లు ఎక్కువైతే వాటిలో ఏదో ఒకదానికి మేలైన మార్పు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. అలాంటి మార్పు దొరికాక అదనపు నకళ్లు తగ్గిపోవచ్చు. వైరస్‌లు కొత్త జాతులకు ఎలా అలవాటుపడతాయో ఇంత స్పష్టంగా చూపించిన ప్రయోగాలు తక్కువ.

కణాల లోపలి కాపలా దాటినా బయట నేచురల్ కిల్లర్ కణాలు ఉంటాయి. సోకిన కణాలను వెతికి చంపే టీ కణాల కంట పడకుండా కొన్ని వైరస్‌లు, కణం లోపలి ప్రోటీన్ ముక్కలను బయటికి చూపించే హెచ్ఎల్ఏ ప్రోటీన్లను లోపలికి లాగేస్తాయి. అవి లేని కణాన్నే నేచురల్ కిల్లర్ కణాలు చంపుతాయని క్లాస్ కార్రే 1986లో చూపించాడు. సైటోమెగాలో వైరస్ రెండు వైపులా చూసుకుంటుంది. చాలా హెచ్ఎల్ఏలను దించేసి, నేచురల్ కిల్లర్ కణాలను శాంతపరిచే హెచ్ఎల్ఏ-ఈ అనే రకాన్ని మాత్రం పైన నిలిపే ముక్కను తనే అందిస్తుంది.

మరి గ్రాహకాలను ఇంకా చురుగ్గా చేసుకుంటే సరిపోదా? ఆ దారిలో పెద్ద ప్రమాదం ఉంది. మన జన్యుపటంలో పదో వంతు ఆలూ అనే పునరావృతాలే. వాటి ఆర్ఎన్ఏ మడతపడితే జంట పోగులు అవుతుంది. ఏడార్1 అనే ఎంజైమ్ వాటిలో అక్షరాలు మార్చి ఎండీఏ5 కంట పడకుండా చేస్తుంది. ఏడార్1 లేదా ట్రెక్స్1 లోపించినా, ఎండీఏ5 అతిగా చురుకైనా, ఐకార్డీ-గూటియేర్ సిండ్రోమ్ అనే జబ్బు వస్తుంది. 1984లో మొదట వర్ణించారు. పసిపిల్లల మెదడు దెబ్బతింటుంది, అచ్చం గర్భంలో వైరస్ సోకినట్టే ఉంటుంది, వైరస్ మాత్రం ఉండదు. ఆ కుటుంబాల బాధ తెలిసినవాళ్లు ఎవరూ నిరోధక శక్తిని ‘పెంచే’ మాటను తేలిగ్గా అనలేరు. గబ్బిలాలు దీనికి వేరే పరిష్కారం చూసుకున్నాయి. వాటి స్టింగ్‌లో 358వ అమైనో ఆమ్లం మారి, స్పందన మందగించింది. ఎన్నో వైరస్‌లను మోస్తూ కూడా అవి జబ్బుపడకపోవడానికి దీనికీ సంబంధం ఉందని భావిస్తున్నారు.

రెండో వైపు కూడా చూడాలి. 2020లో తీవ్ర కోవిడ్ న్యుమోనియా వచ్చిన 987 మందిని పరీక్షిస్తే, 101 మందిలో తమ సొంత ఇంటర్ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో 95 మంది మగవాళ్లు. లక్షణాలు లేని, లేదా స్వల్పంగా ఉన్న 663 మందిలో ఒక్కరికీ లేవు. ఇంటర్ఫెరాన్ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సూటి ఆధారం నాకు తెలియదు. ఇదే గ్రాహకాల మీద అవగాహన టీకాలకూ పనికొచ్చింది. ఆర్ఎన్ఏ అక్షరాల్లో ఒకటైన యూరిడిన్ బదులు దాని మార్చిన రూపం పెడితే టీఎల్ఆర్‌లు రెచ్చిపోవని కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపించారు. ఎంఆర్ఎన్ఏ టీకాలు దాని మీదే నిలబడ్డాయి, 2023 నోబెల్ అందుకే.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. ఇంటర్ఫెరాన్‌ను ఇవ్వొచ్చు, ఇచ్చారు కూడా. కొత్త మందులు వచ్చేదాకా హెపటైటిస్ సీకి ఏళ్ల తరబడి ప్రధాన చికిత్స అదే. జ్వరం, నీరసం, మానసిక కుంగుబాటు లాంటి బాధలతో చాలామంది మధ్యలోనే మానేసేవారు. అసలు సమస్య సమయం. వైరస్ ఇంకా పెరుగుతున్నప్పుడు ఇంటర్ఫెరాన్ పక్క కణాలను కాపాడుతుంది. ఆలస్యంగా వస్తే వైరస్ పని అప్పటికే చాలావరకు అయిపోయి ఉంటుంది, మిగిలేది వాపు మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన సాలిడారిటీ పరిశీలనలో, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు ఇంటర్ఫెరాన్ బీటా ఇస్తే మరణాలు తగ్గలేదు. 2023లో ప్రచురించిన టుగెదర్ పరిశీలనలో మాత్రం, లక్షణాలు మొదలైన వారంలోపు ఒక్క డోసు ఇంటర్ఫెరాన్ లాంబ్డా ఇస్తే, ఆసుపత్రి పాలయ్యేవారు, ఎమర్జెన్సీలో ఎక్కువసేపు ఉండాల్సి వచ్చినవారు కలిపి 5.6 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గారు. లాంబ్డా రకానికి గ్రాహకాలు ఎక్కువగా ఊపిరితిత్తులు, పేగుల లోపలి పొర కణాల మీదే ఉంటాయి. అందుకే పాత రకాలంత ఒళ్లు నొప్పులు, జ్వరం తేదు.